కాకి ముట్టిన దినం

"అవ్వా, మీ రాజన్న ఆ మంచుగుట్టలల్లకు ఎందుకు వోయిండే?"

అడగనే అడిగితివి, కూసో చెప్త. గప్పుడు ఇమానాల ఏర్పోటు కొత్తగ వడ్డది బిడ్డ. దాంతోని మా సాతంరాయి భూములు... కాదు, భూముల ముచ్చట ఇంకోపారి. నా కొడుకు రాజు, మా యారాలు యాదమ్మ కొడుకు మహేషు, యాదమ్మంటే మా మరిది పెండ్లాం, ఎరుకే కద, ఇద్దరు ఆడనే సామాన్లెత్తే నౌకరి జేసిండ్రు. గుట్టలెక్కెటోళ్ళ పెద్ద పెద్ద సంచులు ఎత్తీ ఎత్తీ, మనం గూడ ఒకపారి పోయొద్దామనుకున్నరట. పోయిండ్రు.

ఇగ ఏమైందో ఆ దేవునికే ఎరుక. డేరా నిలవడ్డది నిలవడ్డట్టే ఉన్నదట. గిన్నెల అన్నం వండింది వండినట్టే. ఇద్దరి బూట్లు లోపట్నే. మహేషు కింద వాగు కాడ దొరికిండు, వట్టి కాళ్ళతోని. ఒంటి మీద దెబ్బ లేదు. మా రాజు జాడనే లేదు. ఎలుగుబంటన్నరు, మంచు జారిందన్నరు. కొట్లాడుకున్నరని గూడ అన్నరు, ఆళ్ళ నోట్ల మన్నువడ.

మహేషును ఇమానంల తెచ్చిండ్రు. యాదమ్మ పెట్టె మీద వడి ఏడుస్తుంటే నాకు కడుపు మండింది బిడ్డ. అబద్ధమెందుకు? దానికి ఏడ్వనీకి కొడుకన్న దొరికిండు. నేనేడుస్తే, వచ్చెటోని మీద ఏడ్వకని నా నోరు మూసిండ్రు.

మట్టి జేసిన మూడొద్దులకు ఆకుల వడ్డించి పిట్టకు వెట్టిండ్రు. కాకి ముట్టకుంటే పోయినోని పానం దేని మీదనో ఉన్నట్టు కద. అది ముట్టలే. కోడికూర వెట్టిండ్రు, కల్లు వోసిండ్రు, ఊహూ. గోడ మీదికెళ్ళి దిగుతలేదు. యాదమ్మ వచ్చి నా కాళ్ళు వట్టుకున్నది. "అక్కా, అన్న లేంది వీడు తింటలేడే. రాజుకు గూడ ఒక ఆకెయ్యే."

ఆకేస్తే ఏంది? నా కొడుకు సచ్చిండని నేనే ఒప్పుకున్నట్టు! "నీ కొడుకు నీకు దొరికె, ఇగ నా కొడుకును గూడ పాతివెడ్తవా?" అన్న. లేసి ఆకు కాడికి వోయిన. "ఒరే మహేషూ, అన్న కోసం సూడకురా. వాడు ఇంటికొస్తడు, వానికి నేను వెట్టుకుంట. నువ్వు తిను" అన్న.

కాకి దిగి ముట్టింది.

అందరు యాదమ్మను వట్టుకొని ఏడ్సిండ్రు. నేనొక్కదాన్నే లోపట లోపట సంబురపడ్డ. గిన్నేండ్లాయె. ఏటా పోయినోళ్ళకిచ్చే పెత్రమాసకు అది కొడుకు పేరు మీద బియ్యమిచ్చి, ఇంటికొచ్చి ఇంత తిని పంటది. దాని నిద్ర జూస్తె నాకు ఇప్పటికీ కుళ్ళే. నేను బియ్యమియ్య. ఎట్లిస్త చెప్పు? ఇస్తే, సచ్చిన పోరనికి అబద్ధం చెప్పి తినవెట్టినట్టు గాదా...

సరే తియ్యి. సల్లగుండు బిడ్డ. నీకు యాడికి పో బుద్ధయితే ఆడికి పో. గని మీ అమ్మ కండ్లకు మల్ల కనవడు.