చీపురు పడని మూల

ఇంటి వెనక, ఎండపొడ సోకని చెట్టు కింద అత్తగారు వంగి నేలకేసి చూస్తోంది. ఆ జాగా అంతా సిమెంటు వేయడానికి మేస్త్రీ కాసేపట్లో వస్తాడు.

“అమ్మాయ్, ఇలా రా! పరిగెత్తుకుని రా!”

“ఏమైందత్తయ్యా? పామా?”

“పాము కాదే, నీ ఫెర్న్ మొక్క! పసిపిల్ల పిడికిలిలా ముడుచుకుని పాత వేరులోంచి ఎలా లేచిందో చూడు!”

“అమ్మో, ఇక్కడింకోటి! నేను మూడుసార్లు నాటితే మూడుసార్లూ ఎండిపోయాయిగా? ఈ నీడలో ఏదీ బతకదు, సిమెంటు వేయించేద్దామని మీరేగా అన్నారు?”

“అన్నాను. కానీ మోకాలి నొప్పితో నెలన్నరగా నేనిటు ఊడవలేదు. నీకూ తీరలేదు.”

“అంటే, రాలిన ఆకులన్నీ మీరు రోజూ ఊడ్చేయబట్టే...”

“అడవిలో ఎవరు ఊడుస్తారే? ఆ ఆకులే వాటికి దుప్పటి, అవే తిండి. శుభ్రం శుభ్రమంటూ వాటి నోటికాడ కూడు నేనే లాగేశాను.”

“పైగా నా చేతిలో మొక్క బతకదని ఊరంతా టముకు వేశారు!”

“వేశాను. అదే టముకు తిరగేసి వాయిస్తాలే!”

“అయితే గోడవారన అడవి అల్లం పెడదామా? బెగోనియాలు కూడా?”

“రెండూ పెట్టు! నీడను కోరే మొక్క ఏది కనబడితే అది తే!”

వీధి గేటు చప్పుడైంది.

“మేస్త్రీ వచ్చాడత్తయ్యా! ఏం చెప్పను?”

“ఆ ఆకుల మీద అడుగు వేస్తే కాళ్లు విరగ్గొడతానని చెప్పు. తర్వాత కాఫీ ఇచ్చి పంపించు.”