మా మరిది ఇంగ్లీషు

ఇందాక ఫోన్లో ఏదో అన్నావే, మళ్ళీ ఓసారి అను. అదేనే, ఎలక్షన్ల గురించి ఎవరితోనో పోట్లాడుతూ అన్నావు చూడు. ఆఁ, అదే. ‘విత్ డ్యూ రెస్పెక్ట్, ఐ డోంట్ అగ్రీ.’ ఎంత తేలిగ్గా అనేశావే తల్లీ, మంచినీళ్ళు తాగినట్టు. ఈ ఇంట్లో ఆ ముక్క మొట్టమొదట అన్నవాడు దానికోసం ఎన్ని తిప్పలు పడ్డాడో నీకు తెలీదు. నువ్వు కూర్చున్నావే, ఆ కుర్చీకి పాలిష్ పెట్టింది ఆయనే. మీ చిన్నతాత, మీ తాతయ్య తమ్ముడు. నువ్వు పుట్టేనాటికే పోయాడులే, నువ్వు చూళ్ళేదు. కాళ్ళు కిందపెట్టి కూర్చో. ఏం కాదు, దాని కోళ్ళు గట్టివే, కానీ ఆయనుంటే ఆ మెరుపు మీద నీ మడమ గీత పడితే ఆ పూట అన్నం తినేవాడు కాదు. పైకి మాత్రం ఏమీ అనడు. అనడం ఎక్కడొచ్చు ఆయనకి.

అప్పట్లో మన ఇంటి ముందు భాగమంతా చెక్కపని షెడ్డే. ఇప్పుడు మీ నాన్న కారు పెట్టుకుంటున్నాడే, అక్కడ రంపపు పొట్టు మోకాలి లోతు ఉండేది. ఊడ్చేదాన్ని, మళ్ళీ పడేది. కొలతలు, బేరాలు, కేకలు అన్నీ మీ తాతయ్యవి. పాలిష్ పని మా మరిదిది. ఉప్పు కాగితంతో చెక్కని రుద్ది రుద్ది, గుడ్డ ఉండ చేసుకుని లక్క అద్దుతూ కూర్చున్నాడంటే ఇంక ఈ లోకంలో ఉండేవాడు కాదు. ‘ఒరే, ఆ బల్లకి నల్లగా కొట్టు’ అనేవారు మీ తాతయ్య. ‘అలాగే అన్నయ్యా.’ ‘వద్దులే, ఎర్రగా కొట్టు.’ ‘అలాగే అన్నయ్యా.’ పనివాళ్ళు ఆయనకి ‘అలాగే బాబు’ అని పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిచినా అలాగే అనేవాడు, ఏం చెప్తాం. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే మీ తాతయ్యే వీపున మోసి పెంచారట. అన్న గీసిన గీత దాటడమన్నది ఆయన ఊహలో కూడా లేదు. నేను ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు, అందరికీ వడ్డించి నేను చివర్న కూర్చుంటే, ‘తిన్నావా వదినా?’ అని గుమ్మం దగ్గర నిలబడి అడిగేవాడు. అడిగింది ఆయనొక్కడే. మీ తాతయ్య మంచివారే, కాదనను. కానీ ఆయనకి ఆకలేస్తే ఊరంతటికీ ఆకలేసినట్టు, ఆయన తింటే ఊరంతా తిన్నట్టు.

ఏం చెప్తున్నాను? ఆఁ, ఇంగ్లీషు. మీ తాతయ్యకి పట్నంలో కొట్టు పెట్టాలని బుద్ధి పుట్టింది. అద్దాల కొట్టు. లోపల లైట్లు, వచ్చేవాళ్ళంతా పెద్ద పెద్ద ఆఫీసర్లు. దాంట్లో తమ్ముణ్ణి కూర్చోబెడదామని. ‘వాడి బతుకు ఈ పొట్టులో తెల్లారిపోకూడదే. తెల్ల చొక్కా వేసుకుని నీడపట్టున కూర్చోవాలి’ అనేవారు నాతో. ప్రేమే. ప్రేమ కాదని ఎలా అంటాం? కానీ తమ్ముణ్ణి అడిగితేగా. ‘ఇంగ్లీషు నేర్చుకోరా’ అన్నారు. ‘అలాగే అన్నయ్యా’ అన్నాడు. ఆ సాయంత్రం నేను పెరట్లో గిన్నెలు తోముతుంటే వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. నేను తోమిన గిన్నెలు ఒక్కొక్కటీ బోర్లించాడు. చివరికి, ‘అక్కడ నేను చెక్క ముట్టుకోడానికి ఉండదు కదా వదినా’ అన్నాడు. అంతే. కళ్ళల్లో నీళ్ళు. ‘మీ అన్నయ్యకి చెప్పొచ్చు కదయ్యా’ అన్నాను. నేనేదో బావిలో దూకమన్నట్టు చూశాడు.

ఇంగ్లీషు చెప్పేది ఒక రిటైరైపోయిన టీచరమ్మ. దర్జీ కొట్టు పైన గది. కింద మిషన్లు టకటకలాడుతుంటే పైన పాఠం. ఆవిడ పద్ధతే వేరు. ‘వాతావరణం గురించి ఎంతసేపు మాట్లాడతారు? ఎండగా ఉంది, వానగా ఉంది, అయిపోయింది. అదే గవర్నమెంటుని తిట్టాలంటే భాష మొత్తం కావాలి’ అనేదట. అందుకని రోజూ పేపరు తెచ్చేది. ఈ బెంచీ ప్రభుత్వం, ఆ బెంచీ ప్రతిపక్షం. బడ్జెట్టు, పాలసీ, మెజారిటీ, మేనిఫెస్టో, అన్నీ అలా నేర్పింది. ‘లెట్ మీ ఫినిష్’ అంటే నన్ను పూర్తిగా చెప్పనివ్వండి. ‘దటీజ్ నాట్ ద పాయింట్’ అంటే అసలు సంగతి అది కాదు. నాకింకా గుర్తున్నాయి చూశావా, నిన్న తిన్నది గుర్తుండదు గానీ. మా మరిదిని ప్రతిపక్షంలో కూర్చోబెట్టింది. బస్సు చార్జీలు పెంచారు, నువ్వేమంటావయ్యా అంది. ఈయన లేచి చేతులు కట్టుకుని, ‘ఐ అగ్రీ మేడమ్’ అన్నాడట. ‘నువ్వు ప్రతిపక్షం బాబూ.’ ‘అవునండీ. కానీ పాపం వాళ్ళూ ఏదో ఆలోచించే పెంచి ఉంటారు కదండీ.’ నీళ్ళ పన్ను వేశారు, ‘ఐ అగ్రీ.’ స్కూలు మూసేశారు, ‘ఐ అగ్రీ.’ ఆవిడ నెత్తి కొట్టుకుని, ‘నువ్వొక్కడివుంటే చాలు, ఏ ప్రభుత్వమూ పడిపోదు’ అందట. ఇంటికొచ్చి ఇదంతా ఆయనే చెప్పి ఆయనే నవ్వేవాడు. తనమీద తను నవ్వుకోవడంలో మా మరిది తర్వాతే ఎవరైనా.

అప్పుడు నేను పూనుకున్నాను. నేను పదోక్లాసు చదివినదాన్ని, నాలుగు ముక్కలు తెలుసు. మధ్యాన్నం మీ తాతయ్య కునుకు తీసేవేళ షెడ్డులో పాఠం. నేను కూరగాయలు తరుగుతూ ప్రభుత్వం, ఆయన కుర్చీ రుద్దుతూ ప్రతిపక్షం. ‘బియ్యం ధర పెంచేశాను, ఏం చేస్తావు?’ అనేదాన్ని. నా మొహం చూసి అనలేకపోయేవాడు. కుర్చీకేసి చూస్తూ, నోట్లో నోట్లో, ‘ఐ డోంట్ అగ్రీ’ అనేవాడు. గట్టిగా అనవయ్యా అంటే, చుట్టూ చూసి, కాస్త గట్టిగా. కొన్నాళ్ళకి నా మొహం చూసి అన్నాడు. ఆ రోజు ఇద్దరం పండగ చేసుకున్నంత సంబరపడ్డాం. ఇంకోరోజు తనే అన్నాడు, ‘వదినా, ఇంగ్లీషులో బాగుంది. తెలుగులో కాదు అనాలంటే ముందు అన్నయ్యా అనాలి. అన్నయ్యా అన్నాక ఇంక కాదు అని ఎక్కడినుంచి వస్తుంది?’ అని. నేను తరగడం ఆపేశాను. నిజమే కదా. నేను మాత్రం ఏమండీ అన్నాక ఎప్పుడైనా కాదు అన్నానా? ఏమండీ, అలాగేనండీ, అంతేగా.

ఇంతలో పట్నం కొట్టు తయారైపోయింది. మీ తాతయ్య తమ్ముడికి తెల్ల చొక్కాలు కుట్టించారు, పెట్టె కొన్నారు. పొద్దున ఇద్దరూ తినడానికి కూర్చున్నారు, నేను వడ్డిస్తున్నాను. ‘ఎల్లుండి పొద్దున్న బండికి వెళ్ళిపోరా. నాలుగు రోజుల్లో నేనూ వచ్చి చూస్తాను’ అన్నారు. అలాగే అన్నయ్యా అన్న మాట ఆయన చెవికి వినపడినట్టే మళ్ళీ తినడం మొదలెట్టారు. మా మరిది ముద్ద కలిపినవాడు కలిపినట్టే ఆగిపోయాడు. కంచంలోకి చూస్తూ ఉన్నాడు. చూసి చూసి, తలెత్తి, ‘విత్ డ్యూ రెస్పెక్ట్, ఐ డోంట్ అగ్రీ’ అన్నాడు. మీ తాతయ్య మొహం చూడాలీ, వెలిగిపోయింది. ‘చూశావుటే, ఎంత చక్కగా మాట్లాడుతున్నాడో మావాడు! దొరల్లే ఉంది. ఇంక ఆఫీసర్లు కాదు, వాళ్ళ బాబులొచ్చినా మాట్లాడేస్తాడు’ అని ఒకటే మురిసిపోవడం. ఆయనకి ‘ఫిక్స్‌డ్ రేటు’, ‘ఫస్ట్ క్వాలిటీ’ తప్ప ఇంగ్లీషు ముక్క రాదు పాపం. మురిసి మురిసి నాకేసి తిరిగి, ‘ఇంతకీ ఏమన్నాడే?’ అన్నారు.

నువ్వు నవ్వుతున్నావు గానీ, నా పరిస్థితి ఆలోచించు. ఆయన నన్నే చూస్తున్నారు, ఈయనా నన్నే చూస్తున్నాడు. వెళ్ళొస్తానంటున్నాడండీ అనేస్తే చాలు. ఇంట్లో సుఖం, ఒంట్లో సుఖం. ఆ పిల్లాడు ఎల్లుండి బండెక్కి పోతాడు, అక్కడ అద్దాల గదిలో కూర్చుని ఎండిపోతాడు, మళ్ళీ ఈ జన్మలో నోరు విప్పడు. గరిటె గిన్నెలో పెట్టేశాను. ‘మీరంటే గౌరవమేనంట. కానీ ఒప్పుకోనంటున్నాడండీ. వెళ్ళడంట’ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మీ తాతయ్య నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. అది మింగి, ‘అదేదో తెలుగులో ఏడవచ్చు కదరా’ అన్నారు. ‘తెలుగులో రాలేదు అన్నయ్యా’ అన్నాడు. చిన్నపిల్లాడిలా అన్నాడే ఆ మాట. ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మీ తాతయ్య మళ్ళీ నాకేసి చూసి, ‘మరి నువ్వేమంటావు?’ అన్నారు. పెళ్ళయ్యాక ఆయన నన్ను ఆ మాట అడగడం అదే మొదలు. ‘నేనూ అదే అంటానండీ’ అన్నాను. చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళిపోయారు.

కొన్నాళ్ళు మాతో సరిగ్గా మాట్లాళ్ళేదు. మొహం మాడ్చుకుని తిరిగారు. మేమిద్దరం దొంగల్లా ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకునేవాళ్ళం. ఒకరోజు షెడ్డులోంచి వస్తూ, ‘ఆ పట్నం కొట్టు వేరేవాళ్ళకి ఇచ్చేశాను. ఆ టీచరమ్మకి చెప్పవే, మావాడికి కాస్త తెలుగు కూడా నేర్పమని’ అన్నారు. అని నవ్వేశారు. ఆ రోజు నుంచి ఏదైనా పెద్ద పని పెట్టుకుంటే, ‘ఏమర్రా, ప్రతిపక్షం ఏమంటుంది?’ అని మమ్మల్ని అడిగి మరీ చేసేవారు. అడిగిన ప్రతిసారీ మా మరిది ‘అలాగే అన్నయ్యా’ అనేవాడు. కాదనాల్సి వచ్చింది జీవితంలో ఆ ఒక్కసారే.

అవునే, పెళ్ళీ అదీ చేసుకోలేదు. చెక్కే పెళ్ళాం అనేవాడు. చివర్లో ఆసుపత్రిలో ఉన్నప్పుడు మీ తాతయ్యకి మోకాళ్ళు వంగేవి కావు, అయినా రోజూ వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చునేవారు. ఊరికే తమ్ముడి చెయ్యి పట్టుకుని కూర్చునేవారు. ఆ గోళ్ళల్లో లక్క మరక అప్పటికీ పోలేదు. ఒక పొద్దున్న మా మరిది కళ్ళు తెరిచి, ‘ఇంక నేను వెళ్తాను అన్నయ్యా’ అన్నాడు. మెల్లిగానే అన్నాడు, ఏ పక్క ఊరికో వెళ్ళొస్తానన్నట్టు. మీ తాతయ్య వంగి, ఆ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుని, ‘ఐ డోంట్ అగ్రీ రా’ అన్నారు. ఆ రేట్లూ క్వాలిటీలూ కాక ఆ మనిషికి వచ్చిన ఇంగ్లీషు ఆ ఒక్క ముక్కే, తమ్ముడి దగ్గర విన్నదే. మా మరిది నవ్వాడు. నాకేసి చూశాడు, మళ్ళీ అన్నకేసి చూసి, ‘అలాగే అన్నయ్యా’ అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక తను చెప్పిన అలాగేలన్నీ నిలబెట్టుకున్నాడే. అదొక్కటే...

ఆ కిటికీ వేసెయ్, జల్లు లోపలికి కొడుతోంది. కుర్చీ తడుస్తుంది.