సందెదీపం వేళ, చార్జింగులో బ్యాటరీ

ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న మా షిఫ్టు ఇంజనీరు మహదేవప్పగారికి, వేదిక మీది పెద్దలకు, పండగ పనులు మధ్యలో వదిలి వచ్చిన అక్కచెల్లెళ్లకు, ఫైర్ సెక్షన్‌లో నాతో గొట్టాలు మోసిన మిత్రులకు నమస్కారం. రిటైరవుతున్నానని శాలువా కప్పారు, దండ వేశారు, నన్ను నేనే గుర్తుపట్టలేనంత మంచిగా పొగిడారు. (నవ్వులు) నేను మాటిమాటికీ కిటికీలోంచి చూస్తున్నానని పక్క కుర్చీలోని గోపాలయ్యగారు నా చెవిలో "ఏంది జయతీర్థా, బస్సుకు పోవాల్నా?" అని అడిగారు. బస్సు కాదు గోపాలయ్యగారూ, పొద్దు వాలుతోంది, రేపు ఆయుధ పూజ, నా గాభరా అది.

ఈ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు లేవకముందే వచ్చినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. చుట్టుపక్కల ఊళ్లలో కరెంటు ఎప్పుడుంటుందో తెలీదు, మన కాలనీలో పోదు. అందుకే పండగ ముందురోజు గిల్లేసూగూరు నుంచి బావమరిది, దేవదుర్గ నుంచి తోడల్లుడు మోటార్‌సైకిల్ బ్యాటరీలు ఊడదీసి సంచుల్లో మన క్వార్టర్లకు మోసుకొస్తారు. మనమేమో చార్జింగూ పూజా ఒకేసారి అయిపోతాయని వాటిని దేవుడి గదిలో పీట మీద పెట్టి, కుంకుమ బొట్లు పెట్టి, అక్కడే చార్జరు తగిలిస్తాం. పిల్లలు ముట్టుకోకుండా తలుపు కూడా మూస్తాం! చార్జవుతున్న బ్యాటరీలోంచి బుడగలతో పాటు ఒక గ్యాసు వస్తుంది. రంగు ఉండదు, వాసన ఉండదు. గాలి ఆడని గదిలో పోగై కూర్చుంటుంది. అక్కడ దీపం వెలిగించారా, బ్యాటరీ పేలి యాసిడ్ మొహాన పడుతుంది.

పోయిన ఏడాది మహదేవప్పగారి ఇంట్లో చార్జరు తీగ దేవుడి గది తలుపు కిందికి పోవడం చూశాను. ఆయన భార్య రామాబాయమ్మ హారతి పళ్లెంతో ఆ తలుపు తీయబోతున్నారు. బూట్లతోనే లోపలికి దూరి హారతి ఊదేశాను. (నవ్వులు) నవ్వకండి. "పండగ పూట మా ఇంట్ల హారతి ఆర్పినవ్, నీ ముఖం సూడ" అన్నారామె. అప్పటినుంచి నాతో ఒక్క మాట లేదు, వాడకంతా హోళిగలు, అదే బొబ్బట్లు, పంచినా మా గడప తొక్కలేదు. నాకు చాలా కష్టమనిపించింది. అయినా అలాంటిది కనిపిస్తే మళ్లీ ఊదుతాను.

కానీ రేపటినుంచి ఒంటిమీద యూనిఫాం ఉండదు, ఏ హక్కుతో మీ ఇళ్లలోకి చొరబడను? అందుకని అడుగుతున్నాను. చార్జరు బయట వరండాలో పెట్టండి, పక్కన పరుపులూ పాత గుడ్డలూ ఉంచకండి, ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు ఆపి వెళ్లండి, క్లిప్పులు పీకేముందు గోడ స్విచ్చి...

(ఆగి) రామాబాయమ్మ లేచారు. అమ్మా, కోపం వద్దు, మీ ఊసు ఇక ఎత్తను, కూర్చోండి. ఏమంటున్నారు? ముందు వరసలోవాళ్లు కాస్త ఊరుకోండయ్యా.

"అన్నా... నీ మీద పంతానికే ఈ పొద్దు గూడ దేవుని అర్రల బ్యాటరీ చార్జింగు పెట్టి తలుపేసొచ్చిన. ఇంట్ల మా బిడ్డ శృతి ఒక్కతే ఉంది. చీకటి పడంగనే దీపం ముట్టియ్యమని చెప్పొచ్చిన."

(సభలో కలకలం)

ఎవరది, కాలనీ కరెంటు లైను ఆపించమంటున్నది? వద్దు! కరెంటు పోతే ఇంట్లో లైటు ఆరి, చీకటి పడిందనుకుని ఆ పిల్ల ఇప్పుడే అగ్గిపుల్ల గీస్తుంది. మహదేవప్పగారూ, అధ్యక్షులు తర్వాత అవుదురుగాని, ముందు స్కూటరు తీయండి. వాకిట్లోంచే కేకేసి శృతిని బయటికి పిలవండి. వెనకే వస్తున్నాను, లోపలికి నేను వెళ్తాను. చెల్లెమ్మా, ఏడవకు, ఇంకా వెలుతురుంది. ఈ శాలువా ఎవరైనా పట్టుకోండి, కాళ్లకు అడ్డం పడుతోంది. మీరందరూ చూపిన ప్రేమకు కృతజ్ఞుణ్ణి. దారి వదలండి బాబూ, సెలవు.