యాన్ మేస్త్రి చుట్టిన టేపు

ఏదీ, ఆ ఫోనిటు పట్టు. ఇంకాస్త దూరంగా పట్టవే, దగ్గరవి నాకు కనబడవు. ఊఁ... సైకిలే. నల్లగా నిగనిగలాడుతోంది. డబ్బు పంపించేశావా? ఇంకా లేదు కదా? బతికించావు తల్లీ. ఫొటో చూసి పాత సైకిల్ కొంటానంటే యాన్ మేస్త్రి ఎక్కడున్నా లేచొచ్చి నీ నెత్తిన మొట్టేవాడు. ఆయనెవరా? అదేంటే, నీకెప్పుడూ చెప్పలేదూ? మీ నానమ్మని నేను చేసుకోగలిగానంటే అంతా ఆయన చలవే. కూర్చో, కూర్చో. ఆ కప్పులో మల్లెపూల టీ అయిపోతే వేణ్ణీళ్ళు పోసుకో, ఆ ఆకూ పూలూ ఇంకో రెండు సార్లొస్తాయి.

మన సందు మొదట్లో ఇప్పుడా ఫోన్ల కొట్టుందే, అక్కడ పెసరట్లు వేసే లియావ్ అక్క బండి ఉండేది. మా అమ్మ ఆవిడకంటే పదేళ్ళు పెద్దది, మా అమ్మ కూడా అక్కా అనే పిలిచేది. మన తియాన్‌జిన్ ఊళ్ళో అంతే కదా, ఆడమనిషైతే చాలు, అక్క. ఏం చెబుతున్నాను? ఆఁ, ఆ బండి పక్కన ఒక చెక్కపెట్టె, ఒక గాలిపంపు, బొక్కెనలో నీళ్ళు, దాని పక్కన యాన్ మేస్త్రి. పొట్టి మనిషి, దొడ్డికాళ్ళు. అంతకుముందు ఇరవై ఏళ్ళు బాయిలర్ల కార్ఖానాలో సుత్తి కొట్టీ కొట్టీ చెవులు పోయాయి. చెవిలో పెట్టి అరిచినా వినబడదు, పెదాలు చూసి అర్థం చేసుకునేవాడు. కానీ చక్రం ఇరుసులో ఒక్క బేరింగు గోలీ పగిలితే మాత్రం ఆయనకి వినబడేది! ఎలాగా? స్క్రూడ్రైవరు కొన ఇరుసుకి ఆనించి, పిడి పళ్ళ మధ్య కరిచిపట్టుకుని, కళ్ళు మూసుకుని చక్రం తిప్పేవాడు. పళ్ళతో వినేవాడమ్మా! చుట్టూ చేరిన వెధవలం ఊరుకుంటామా, 'మేస్త్రీ, బండి రుచెలా ఉంది?' అనేవాళ్ళం. మా పెదాలు చూసి, తొణక్కుండా, 'ఉప్పెక్కువైంది' అనేవాడు. ఉప్పంటే తుప్పన్నమాట.

అప్పుడు నాకు ఇరవయ్యారు. మే ఒకటో తారీఖున పెళ్ళి. ఉందో లేదో తెలీని పెళ్ళి. మీ నానమ్మకి నేనంటే ఇష్టమే... వంటింట్లోంచి వింటోంది, విననీ, అబద్ధమా? ఇష్టమే. ఆవిడ తల్లితోనే వచ్చింది చిక్కు. మా అత్త ఎలా మాట్లాడేదనుకున్నావ్, ఇలా నడుం మీద చెయ్యి పెట్టుకుని, 'చూడు షెన్ అబ్బాయ్, చక్రం తిరిగేది ఒక్కటి లేని ఇంటికి నా పిల్లనెట్టా పంపను? మా రుయిలియన్ కాళ్ళరిగేలా మిల్లుకి నడిచిపోవాలా? సైకిలుతో రా, పిల్లని తీసుకుపో. ఒట్టి చేతులతో అయితే మా గడప తొక్కకు.' పైగా బట్టల కొట్టులో పనిచేసే ఒకడు రోజూ వాళ్ళ గుమ్మం ముందు బెల్లు కొట్టుకుంటూ పోయేవాడు. పనేం లేదు వాడికి ఆ వీధిలో! ఆ బెల్లు వింటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడంటే అంగట్లోకెళ్ళి కొనుక్కుంటారు గానీ, అప్పుడు డబ్బున్నా చాలదు, సైకిలు కొనుక్కోమని సర్కారిచ్చే చీటీ ఉండాలి. మా నూలు మిల్లుకి ఆ ఏడు మూడే చీటీలొచ్చాయి. టోపీలో కాగితాలు వేసి తీశారు. నాకు తెల్లకాగితం వచ్చింది. ఇక మిగిలింది పాత సైకిలే, పెళ్ళికి ఇంకా పది రోజులే ఉంది.

కాలవకి అవతల లువో పంతులుగారని, ఉద్యోగం అయిపోయింది, కీళ్ళ నొప్పులు, ఇంక తొక్కలేను అమ్మేస్తానన్నాడు. యాన్ మేస్త్రిని వెంటబెట్టుకుని వెళ్ళాను. తెల్లకొంగ మార్కు సైకిలు. చూసి నాకు మతిపోయింది. పదమూడేళ్ళ బండి, కొత్త పెళ్ళికూతురిలా ఉంది. గొట్టాలన్నిటికీ ఆకుపచ్చ ప్లాస్టిక్ టేపు, ఎక్కడా మడత లేకుండా. నీకు తెలీదు, ఆ రోజుల్లో కొత్త సైకిలొచ్చిన రోజే అలా చుట్టేసేవాళ్ళం, రంగు గీసుకుపోకూడదని. చుట్టాక మళ్ళీ విప్పేది లేదు. లోపల రంగు ఏమిటో కొన్నవాడికే గుర్తుండేది కాదు. టేపెంత బాగుంటే బండి అంత బాగున్నట్టు లెక్క మాకు. నేనైతే అక్కడే డబ్బు తీయబోయాను. యాన్ మేస్త్రి నా చెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. రంగు చూళ్ళేదు, మెరుపు చూళ్ళేదు. జానెడెత్తు లేపి నేలమీద వదిలాడు, పాదాలకి ఏం తెలిసిందో ఏమో తలూపాడు. చైను వేలితో లాగి చూశాడు. పళ్ళచక్రం మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా తిప్పాడు. 'పళ్ళు వంకర తిరగలా. తక్కువ తొక్కాడు' అన్నాడు. చక్రం పుల్లలు ఒక్కొక్కటే వేళ్ళతో మీటాడు. హ్యాండిలు పట్టుకుని ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య నొక్కాడు. స్క్రూడ్రైవరు పళ్ళకి పెట్టాడు. పంతులుగారు నా చెవిలో, 'ఏమయ్యా, ఈయన కొంటాడా, కొరుక్కుతింటాడా?' అన్నాడు. అంతా అయ్యాక మేస్త్రి నెంబరు పుస్తకం అడిగి తీసుకున్నాడు. పోలీసులు ఫ్రేముకి ముద్రగుద్దిన నెంబరూ పుస్తకంలో నెంబరూ ఒకటే అవాలి. నెంబరు దగ్గర మాత్రం టేపు చుట్టకుండా కాస్త చోటు వదిలేవాళ్ళు ఎవరైనా. పంతులుగారు అదీ కప్పేశాడు! 'వానకి నెంబరు తుప్పు పట్టదూ?' అంటాడు. మేస్త్రి ఒకటే మాట, 'విప్పు.'

పంతులుగారికి ముక్కుమీద కోపం. 'నలభై ఏళ్ళు పిల్లలకి నీతులు చెప్పినవాణ్ణి, దొంగబండి అమ్ముతానా?' మేస్త్రి తాపీగా, 'దొంగదని నేనన్లా. నెంబరు చూడాలన్నాను' అన్నాడు. 'విప్పితే రేపు ఇంకెవరు కొంటారు?' 'విప్పకపోతే ఇవాళ వీడు కొనడు.' నేను మధ్యలో చెమటలు కక్కుతున్నాను. మేస్త్రి అడిగేదాకా నాకా ఆలోచనే లేదు, అడిగాక ఇంకో ఆలోచన లేదు. దొంగబండైతే పోలీసులు పట్టుకుపోతారు, మిల్లుకి కబురెళుతుంది, ఆ బెల్లువాడు ఇక మా అత్త గుమ్మం ముందు ఆగకుండా తిన్నగా లోపలికే వెళ్ళిపోతాడు. ఇంతలో లోపల్నుంచి లువో అక్క, పంతులుగారి భార్య, వంటింటి కత్తెర పట్టుకుని వచ్చేసింది. 'జరగండి! పదమూడేళ్ళనుంచీ చూద్దామనుకుంటున్నాను లోపల ఏం రంగుందో' అని కరకరా కోసి పారేసింది. నెంబరు బయటపడింది. మేస్త్రి పుస్తకం పెట్టి ఒక్కో అంకె మీదా వేలు పెట్టాడు. అన్నీ కలిశాయి. నేను మళ్ళీ డబ్బుకోసం జేబులో చెయ్యి పెట్టాను. లువో అక్క మాత్రం, 'నలుపేనా' అని నిట్టూర్చి లోపలికి పోయింది.

అక్కడితో అయిపోలేదు. మేస్త్రి కింది గొట్టం, హ్యాండిలు కింద నుంచి పెడళ్ళ దగ్గరికొస్తుందే, ఆ గొట్టం మీది టేపు కూడా జానెడు విప్పాడు. అటు తిరిగి చూశాడు, మళ్ళీ చుట్టేశాడు. పంతులుగారు చెప్పిన ధరలో నాలుగోవంతు కోసేశాడు. ఎందుకయ్యా అంటే, 'సీటు పాతది' అన్నాడు. సీటుకి నాలుగోవంతా! పంతులుగారు గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. మేస్త్రి నాతో, 'కొనుక్కో. రెండ్రోజులు నా దగ్గరుంచు, నూనె పెట్టాలి' అన్నాడు. నూనె పెట్టడానికి రెండ్రోజులేమిటని నాకు ఒకటే కంగారు. మూడోరోజు పొద్దున తెచ్చాడు, కొత్త ఎర్ర టేపు తనే చుట్టి. ఇద్దరం మా అత్త గుమ్మం ముందుకి నడిపించుకెళ్ళాం. ఆవిడ ఆ టేపు మీద పైనుంచి కిందిదాకా చెయ్యి రాసింది. మొహం విప్పారింది. 'మేస్త్రీ, బండి గట్టిదేనా?' అని అరిచింది. ఆయన వినబడనట్టు చెవి చూపించాడు. దగ్గరకొచ్చి మళ్ళీ అరిచింది. అప్పుడన్నాడు, 'నేనున్నంతకాలం దీనికి ఢోకా లేదక్కా.' పెళ్ళయిపోయింది. ఆ బెల్లువాడు ఆ వీధి మానేశాడు.

ఆ తర్వాత మేస్త్రి నన్ను పెట్టిన బాధ ఇంతా అంతా కాదు! నెలకోసారి సందు మొదట్లో కాపుకాసి ఆపేసేవాడు. మిల్లు కూత కూసేసినా సరే, వానొస్తున్నా సరే, 'దిగు' అనేవాడు. ఆ కింది గొట్టం మీద చిన్న సుత్తితో ఒక్కటి కొట్టి, స్క్రూడ్రైవరు పళ్ళకి పెట్టి, కళ్ళు మూసుకుని... 'ఊఁ, పో.' పైసా అడిగేవాడు కాదు. ముసలాడికి చాదస్తమని మీ నానమ్మా నేనూ నవ్వుకునేవాళ్ళం. ముందు బారు మీద మీ నాన్న, వెనక మీ నానమ్మ, ఆవిడ ఒళ్ళో మీ మేనత్త, నలుగురం ఆ బండిమీద వంతెన దిగుతుంటే ఆయన లేచి నిలబడి, మేం మలుపు తిరిగేదాకా చూసేవాడు. మా మీద ముచ్చటనుకున్నాం.

తొంభయ్యారు చలికాలంలో పోయాడు. నిద్రలోనే, హాయిగా. నెల గడిచింది, నన్నెవరూ ఆపలేదు. ఎందుకో తోచలేదమ్మా. ఒక ఆదివారం నేనే బండి గోడకి ఆనించి, స్క్రూడ్రైవరు పళ్ళతో పట్టుకుని, గొట్టం మీద కొట్టి చూశాను. నాకేం తెలుస్తుంది, ఇనుము చల్లగా తగిలింది, అంతే. సరే, ఏముందో చూద్దామని టేపు విప్పాను. గొట్టం చుట్టూ ఇంకో గొట్టం ముక్క తొడిగి ఉంది. అరచేయంత. రెండు చివర్లా ఇత్తడితో అతికి, టేపు ఉబ్బెత్తుగా కనబడకుండా అంచులు నున్నగా ఆకురాయి పట్టాడు. పంతులుగారి తప్పేం లేదు పాపం. రంగు పోకూడదని చుట్టిన టేపు కిందే పదమూడేళ్ళ వాననీళ్ళు నిలిచి, తుప్పు గొట్టాన్ని లోపలిదాకా తినేసి, అది చీలిపోయుంటుంది. మేస్త్రి ఆ రోజే చూశాడు. చెబితే నేను కొనను, కొనకపోతే పెళ్ళి లేదు. మీ నానమ్మని పిలిచాను. ఆవిడ ఆ ఇత్తడి మీద చెయ్యి పెట్టి, 'అయితే మా అమ్మకి ఆయన అబద్ధం చెప్పలేదు' అంది. ఆ అతుకు ఇసుమంత కూడా కదల్లేదు తల్లీ. ఒక్కనాడు పడలేదు మేము. ఎంత ఊపిరి పీల్చుకున్నానో ఆ రోజు. పెళ్ళినాటినుంచీ నేను పడాల్సిన భయమంతా నెలనెలా ఆయనే పడ్డాడు.

...

ఏమిటే, అలా చూస్తావు? ఏదీ, ఆ ఫోను మళ్ళీ ఇటు పట్టు. పెద్దది చెయ్యి. ఆ కింది గొట్టం మీద... టేపేనా అది? అమ్మేవాడికి ఫోన్ చెయ్యి, వస్తున్నామను. నా చెప్పులెక్కడున్నాయో చూడు.