కాపలా లేని ఆటగాడు

అమెరికాలోని ఇండియానాలో ఓ చిన్న ఊరి బడి. బాస్కెట్‌బాల్ టోర్నమెంటు ఆట సగమయింది, సొంత ఊరి జట్టు వెనకబడి ఉంది. బంతులు దాచే గదిలోకి కోచ్ రాయిస్ డిల్మన్ తన కొడుకు టోబిన్‌ను ఒక్కణ్ణే తీసుకొచ్చి తలుపు మూశాడు.

"మళ్ళీ చెప్పు."

"చెప్పాను కదా, కోచ్."

"మళ్ళీ చెప్పమన్నాను."

"పాస్ ఇచ్చాక నిలబడకూడదు. బాస్కెట్ వైపు దూసుకుపోవాలి, లేదంటే అవతలి పక్కకి పోయి మనవాణ్ణి కాసేవాడికి అడ్డం నిలబడాలి."

"నిన్ను కాసేవాడు తల తిప్పితే?"

"వాడి వీపు వెనక నుంచి పోవాలి."

"వాడు నిన్నొదిలేసి దూరంగా నిలబడితే?"

"అన్నీ తెలుసు, కోచ్."

"టోబిన్. దూరంగా నిలబడితే?"

"షాట్ వెయ్యాలి."

"మరి వేశావా? నువ్వు వెయ్యవని వాడికి తెలిసిపోయింది. బాస్కెట్ కింద కుర్చీ వేసుకు కూర్చున్నాడు. మనవాడెవడు లోపలికి దూసుకెళ్ళినా వాడి పొట్టకే గుద్దుకుంటున్నాడు. నువ్వొక్కడివి వెయ్యకపోతే ఐదుగురి ఆటా చచ్చిపోతుందిరా."

"నవంబరంతా షాట్ వెయ్యొద్దన్నావు. పాసులూ పరుగులే అన్నావు."

"అది కాళ్ళకి అలవాటు కావాలని. ఇప్పుడు మార్చి."

"గార్నర్ ఖాళీగా ఉన్నాడని బంతి వాడికి ఇచ్చాను."

"గార్నర్ మీద ఇద్దరున్నారు."

"మణికట్టు పట్టేసింది."

"ఏ చెయ్యి?"

"కుడి... కుడిచెయ్యే."

"ఆటకి ముందు వరసపెట్టి వేస్తుంటే చూశాను. ఒక్కటీ తప్పలేదు. నా దగ్గరా అబద్ధాలు?"

"పాత కోచ్ లాగా ఒక్కో ఎత్తుకీ ఓ పేరు పెట్టి, బెంచీ మీద నుంచి అరిస్తే పోయేది కదా. ఏం చెయ్యమంటే అది చేసేవాణ్ణి."

"ఊరంతా అదే అంటోంది. సెలూన్లో అదే, చర్చిలో అదే. నా కొడుక్కైనా అర్థమైందనుకున్నాను. నేను అరిస్తే మీరు ఆడేది నా ఆట. ఎత్తులు మానేసి నియమాలు నేర్పింది ఎందుకు? ఎదురుగా ఉన్నది చూసి, మీకు మీరే తేల్చుకుంటారని."

"నేను తేల్చుకున్నాను."

"ఏం తేల్చుకున్నావు?"

"ఏం లేదు. పద, టైమవుతోంది."

"ఆగు. సోమవారం స్కూల్ బోర్డు కూర్చుంటుంది. ఇవాళ ఓడితే నన్ను తీసేస్తారు. మొహం మీదే చెప్పారు. ఈ జన్మలో ఎవర్నీ ఇలా అడగలేదురా, నిన్ను బతిమాలుతున్నాను. నాకు చేతనైన పని ఇదొక్కటే."

"తెలుసు."

"తెలిసి కూడానా?"

"తెలుసు కాబట్టే."

"అంటే?"

"తీసేస్తే సాయంత్రాలు ఇంట్లో ఉంటావు కదా."

"ఏమన్నావు?"

"నీకు జిమ్‌తోనే పెళ్ళయిందని అమ్మ అందిగా, ఇల్లొదిలి వెళ్ళేటప్పుడు. జిమ్ లేకపోతే ఇంక అడ్డేముంది? వచ్చేస్తుంది."

"తను చెప్పిందా అలా?"

"ఎవరూ చెప్పలేదు. నేనే చూసి తేల్చుకున్నాను. బంతి చేతికొస్తుంది, నా ముందు ఎవడూ ఉండడు, వెయ్యబోతాను. ఇది పడితే అమ్మ రాదు అనిపిస్తుంది. అంతే, పక్కవాడికి ఇచ్చేస్తాను."

"ఎప్పట్నించి?"

"క్రిస్మస్ నుంచి."

"క్రిస్మస్ నుంచి. ఇంకో నలుగురు పిల్లలు నీ పక్కన ఊపిరాడకుండా పరిగెడుతున్నారు, వాళ్ళేం పాపం చేశారు?"

"వాళ్ళ అమ్మలు ఇంట్లోనే ఉన్నారు. తిట్టు. పర్లేదు."

"తిట్టను. నా మాట విను. అమ్మ రాదు. నేను గెలిచినా రాదు, ఓడినా రాదు. జనవరిలోనే విడాకులు అయిపోయాయి. సీజను అయ్యాక నీకు చెబుదామనుకున్నాం."

"జనవరిలోనా?"

"అవును."

"సీజను అయ్యాక."

"నీ ఆట పాడవుతుందని."

"ఒకటి అడుగుతాను, నాన్నా. ఇది నిజమా, నాతో షాట్ వేయించడానికి చెప్తున్నావా?"

"నీ మీద ఒట్టు."

"నిరుడు మన జట్టులో కార్ల్ వాళ్ళ తాత చావుబతుకుల్లో ఉన్నాడు, ఆయన కోసం గెలవండన్నావు. ఆయన ఇప్పుడు బయట పాప్‌కార్న్ అమ్ముతున్నాడు."

"అది... అది వేరు."

"ఎలా వేరు? అప్పుడూ ఇదే గొంతు. బెల్లు కొట్టేస్తారు, చెప్పు."

"జెర్సీ విప్పి ఇటివ్వు. అమ్మ వచ్చింది. నీ కంట పడకూడదని గ్యాలరీలో అన్నిటికన్నా పై వరసలో కూర్చుంది. నిజమో కాదో వెళ్ళి తననే అడుగు, నీ బదులు ఇంకొకణ్ణి దింపుతాను."