మాట్లాడే పెట్టెకు దేవన్న చదువు చెప్పిన తొమ్మిది రోజులు

ఆరు రోజులు సిమెంటు మోసేవాళ్లం, ఏడో రోజు దేవన్న కోతలు మోసేవాళ్లం. ఆ అరబ్బు దేశంలో సెలవు రోజైన శుక్రవారం పొద్దున్నే జిదాఫ్స్ మార్కెట్ పక్కన మలబారీ చాయ్ దుకాణం ముందు బెంచీ నిండిపోయేది. దేవన్నది మెట్‌పల్లి దగ్గర పల్లె. ఆ రోజు మాతో పనిచేసే గంగరాజు తనతో ఒక కొత్త మనిషిని తీసుకొచ్చాడు. పేరు ఎలియేజరు, రాజోలు వైపు మనిషి, అరబ్బుల ఇంట్లో కారు డ్రైవరు. కొత్త చెవులు దొరికితే దేవన్న ఊరుకుంటాడా?

"తమ్మీ, కంప్యూటర్ జూసినవా ఎన్నడన్న?"

"చూశానండి" అన్నాడు ఎలియేజరు.

"జూసుడు అందరు జూస్తరు. నేను దానికి మాటలు నేర్పిన."

బెంచీ మీద నా పక్కనున్న పోశన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "పోయిన వారం విమానం ఆపినవ్. ఈ వారం గిదా?"

"నడుమల రాకు పోశన్నా! రెండేండ్ల కింది ముచ్చట. నేనచ్చి ఇంక నెల గాలె. కంపెనీల పని లేదని నన్ను పది రోజులు మనామ పట్నంల ఒక పెద్దింటికి తోలిండ్రు, సామాన్ మోసెటందుకు. ఆడ ఒక ముసలాయన, హాజీ మన్సూర్. ఎన్కట ఆఫీసుల పెద్ద క్లర్కు, ఆయన టైపు కొడితే రేకుల మీద వాన పడ్డట్టే ఉంటుండెనట. షుగర్ బీమారికి రెండు కండ్లు పోయినయి. ఇగ ఉత్తరం రాయాల్నంటే కొడుకును బతిమాలాలె, కోడల్ని బతిమాలాలె. మనసుల మాట ఇంకొకల చేతికియ్యాల్నంటే మనిషికి ఎంత కష్టం జెప్పు! అందుకే కొడుకు అమెరికాకెల్లి మాట్లాడే పెట్టె తెప్పిచ్చిండు. ఇంట్ల కంప్యూటర్ ముందే ఉన్నది, దానికి ఈ పెట్టె తగిలిస్తే ముసలాయన ఏ మీట నొక్కుతే ఆ అక్షరం పైకి జెప్తది. తప్పు కొడితే ఆయనకు అక్కడ్నే ఎరుకైతది. కండ్ల పని చెవులు జేస్తయన్నట్టు."

"మంచి పెట్టే" అన్నాడు గంగరాజు. "నువ్వేం జేసినవ్ మరి?"

"నేనే మోసిన! కొడుకు పెట్టెను బల్ల మీద పెట్టిచ్చి, 'నేనచ్చినంక జోడిస్త, ముట్టకు' అని కువైట్ వోయిండు. ముసలాయనేమో చిన్న పోరని లెక్క అటూ ఇటూ తిరుగుతుండు. నాకు పానం ఆగలె. ఒక్క తీగ ఇట్ల, ఒక్క తీగ అట్ల. టక్! పెట్టె మాట్లాడవట్టె. కానీ ఏం మాట? అంత అమెరికా యాస, గొంతుల గోలీ పెట్టుకున్నట్టు. నేను ముంగట కూసున్న. 'ఏ అను బిడ్డా, బీ అను బిడ్డా' అని నేర్పవడితి. మూడొద్దులకు నా లెక్క అనవట్టింది. అటెన్క ఏమైందో ఎర్కేనా?"

"చెప్తె గదా ఎరుకయ్యేది" అన్నాడు పోశన్న.

"నాలుగో రోజు తెలుగుల వడ్డది! నేను గదిలకు అడుగు పెట్టిన్నో లేదో, 'దేవన్నా, బువ్వ తిన్నవా?' అన్నది. నా కండ్లకు నీళ్లచ్చినయి. ఈ దేశంల నన్నెవడడిగిండు ఆ మాట? అయిదో రోజు ఏసీ గాలికి దానికి సర్ది వట్టింది..."

"పెట్టెకు సర్దా?"

"మాట్లాడెటోనికి గొంతుంటది, గొంతున్నోనికి సర్ది వట్టదా? నువ్వు సదువుకోలె, ఊకో. అల్లం చాయ్ వెట్టిచ్చి పక్కన వెడితే ఆవిరికే సాఫైంది."

"ఆ ఇల్లు మనామలో గుదైబియా వైపాండీ?" అన్నాడు ఎలియేజరు మెల్లగా.

"ఆడో, ఈడో. ఇల్లుతోని ఏం పని? ఇను. ఆరో రోజు పక్కింటి చెవుటి ముసలాయన అచ్చి కూసున్నడు, ఇరవై ఏండ్ల సంది ఆయనకు ఉరిమినా ఇనవడలె. మా పెట్టె ఒక్క మాట అన్నదో లేదో, రెండు చేతులు అడ్డం వెట్టుకొని 'మెల్లగ, నా చెవులు పగులుతున్నయ్' అన్నడు! ఏడో రోజు పెట్టెను కారుల ముంగటి సీట్ల కూసోవెట్టిన. హాజీ సాబ్ స్టీరింగ్ వట్టిండు."

"కండ్లు లేకుంటనా?" గంగరాజు లేచి నిలబడ్డాడు.

"పెట్టెకున్నయి గద! 'ఎడమకు తిప్పు తాతా, కుడికి తిప్పు తాతా, ముంగట ఒంటె ఉన్నది, ఆగు' అన్కుంట చెప్పింది. సముద్రం మీద కొత్త వంతెన లేదా, సౌదీ దాక? అప్పటికి అది సగమే కట్టిండ్రు. సగం కాడ రోడ్డు ఒడిసింది. 'ఆగకు తాతా, జోరు పెంచు' అన్నది పెట్టె. అటు దిక్కు దుంకినం! సౌదీ పోలీసులు సెల్యూట్ కొట్టిండ్రు. ఆ కబురు జుఫైర్ కాడి యుద్ధం పడవలోళ్లకు తెల్సింది. వాళ్ల పెద్ద దొర ఉరికచ్చిండు. 'దేవన్నా, మా పడవకు నేర్పు' అని కాళ్లు వట్టుకుండు. తొమ్మిదో రోజు పడవ దానంతట అదే పొయ్యి చాపలు వట్టుకచ్చింది. రాత్రి ఆ పెట్టె సముద్రంతోని మాట్లాడితే..."

"దేవన్న గారూ" అన్నాడు ఎలియేజరు. "నేను హాజీ మన్సూర్ గారి ఇంట్లోనే డ్రైవర్నండి. ఏడాదైంది."

 పడవ పోయిన తీరు చూపిస్తున్న దేవన్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఆ పెట్టెకి కరెంటు తగ్గించే డబ్బా ఇంకోటి ఉందటండి. అది పెట్టకుండా నేరుగా గోడకి తగిలిస్తే, మొదటి నిమిషంలోనే పొగొచ్చిందట. హాజీ గారికి వాసన తెలిసింది. 'ఏమిటది?' అనడిగితే, మోసుకొచ్చిన మనిషి 'అగరుబత్తీ బాబా' అన్నాడట."

పోశన్న కండువా నోట్లో కుక్కుకున్నాడు.

"పాపం, ఖలాస్, ఇంక ఊరికి పంపించేస్తారని ఆ మనిషి వణికిపోయాడంట. హాజీ గారు కూర్చుని మీట నొక్కగానే, వెనకాల నిలబడి, ముక్కు పట్టుకుని 'ఏ' అన్నాడంట. ఇంకోటి నొక్కితే 'ఎస్'. తొమ్మిది రోజులు."

"ఆయనకు... ఆయనకు ఎరుకేనా?" అన్నాడు దేవన్న. 

"డబ్ల్యూ వచ్చినప్పుడల్లా పెట్టె గుటక వేసేదంటండి. మొదటి పూటే తెలిసిపోయిందట."

"మరి ఒక్క మాటన్న అనలేదు!"

"అన్నారండీ. తొమ్మిదో రోజున కొడుక్కి ఉత్తరం కొట్టారు, కళ్లు పోయాక సొంతంగా రాసుకున్న మొదటి ఉత్తరం. 'ఈ మనిషి పెట్టె కాల్చేశాడు. ఇంటికి పంపకు, కోప్పడకు. ఎవరినీ బతిమాలకుండా నాచేత నా ఉత్తరం రాయించాడు' అని. కొడుకు వచ్చి చదువుకుని ఊరుకున్నాడు. తర్వాత పెట్టెని బాగుచేయించారు, ఇప్పుడది బాగానే మాట్లాడుతోందండి. ఆ ఉత్తరంలో ఒక్కో అక్షరం వెనకాల నిలబడి పైకి చెప్పింది మీరే. మీకు అక్షరాలు వచ్చు గానీ ఇంగ్లీషు రాదు కాబట్టి, మిమ్మల్ని క్షమించిన మాట మీరే చదివి వినిపించారని మీకు తెలీదు."

నవ్వాలో వద్దో మాకెవరికీ తోచలేదు. దేవన్న చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు. రెండేళ్లుగా, ఎవరూ పట్టుకోలేదనే ధైర్యంతో బతికినవాడు. అతని మొహం ముందు పాలిపోయింది, తర్వాత మెల్లగా ఎర్రబడింది. ఇంకాస్త సేపటికి మీసం కొస కదిలింది.

"తమ్మీ" అన్నాడు. "అంటే ఉత్తరం మొత్తం నేనే సదివినన్నట్టు."

"అవునండి."

దేవన్న లేచి నిలబడి మా వైపు తిరిగాడు. "ఇన్నరా? ఇంగ్లీషుల!"