గుమ్మానికో చాటింపు

గైరయ్య అని ఒకడుండేవాడంట, డప్పువాడు. గోగులవలస వాడి ఊరు. ఏటి ఒడ్డునే ఊరు, ఊరికీ ఏటికీ మధ్య మట్టిగట్టు ఒక్కటే అడ్డం. చాటింపు వెయ్యడం వాడి పని. ఎవరి ఆవు తప్పిపోయినా, ఏ ఇంట జబ్బు పుట్టినా, ఏరు పొంగినా గైరయ్య డప్పు మోగాల, జనం గుమ్మాల్లోకి రావాల. ఆ డప్పుకి ఒక కట్టుబాటు ఉండేది. ఇది జాగ్రత్తగా వినండి, మళ్ళీ చెప్పను. మూడు వీధులు ఆ ఊరికి. రైతుల వీధి, సాలీల వీధి, పడవలవాళ్ళ వీధి. మూడూ కలిసేచోట నిలబడి మూడు దెబ్బలు కొట్టి మాట చెప్పాల. మళ్ళీ మూడు దెబ్బలు, మళ్ళీ అదే మాట. మూడోసారీ అదే మాట. ఒక్క ముక్క మారకూడదు. మారిందనుకో, ముసలమ్మలు ఊరుకునేవారు కాదు. "ఏరా గైరా, ఇందాక ఎర్రావు అన్నావు, ఇప్పుడు నల్లావు అంటున్నావు, దారిలో రంగేసుకుందేట్రా?" అని నిలదీసేవారు. అందరూ నవ్వేవారు. నవ్వేవారు గానీ నమ్మేవారు. ఎందుకు నమ్మేవారు? పక్కింటివాడు విన్నదే నువ్వూ విన్నావు కాబట్టి. అబద్ధం ఆడాలంటే ఊరందరి ముందూ గొంతెత్తి ఆడాల. అది అంత సులువు కాదమ్మా. మనిషికి గొంతు దగ్గర కొంచెం సిగ్గుంటుంది.

గైరయ్య పెళ్ళాం నూకాలు. చాటింపు ముందు గడ్డిమంట వేసి డప్పు కాచేది ఆవిడే. చర్మం బిగిసిందో లేదో వేలితో మీటి చూసి, అప్పుడు మొగుడి చేతికిచ్చేదంట. ఆవిడ మీటనిదే డప్పు గడప దాటేది కాదు.

ఇలా ఉండగా ఏటైందంటే, గట్టుపెద్దని ఎన్నుకునే ఏడాది వచ్చింది. గట్టుపెద్ద అంటే ఆ మట్టిగట్టుకి పెద్ద. ఎక్కడ మట్టి వెయ్యాల, ఎవరు ఎన్ని తట్టలు మొయ్యాల, అంతా అతని మాటే. అయిదేళ్ళకోసారి ఇంటికో చింతపిక్క, నచ్చినవాడి కుండలో వేసి ఎన్నుకునేవారు. ఆ ఏడు ఇద్దరు నిలబడ్డారు. ఒకడు బోడెన్న, మట్టిపని చేసుకునేవాడు. గట్టు మీద చీమలపుట్ట ఎక్కడుందో, ఎండ్రకాయ బొరియ ఎక్కడుందో వాడికి తెలుసు. వాడి మాట ఒక్కటే: "తూము పక్కన గట్టు మెత్తబడింది. వానలు పడకముందే ఇంటికి ఇరవై తట్టల మట్టి వెయ్యాల. నాకు పిక్క వేసినా వెయ్యకపోయినా మట్టి మాత్రం వెయ్యండి." ఇలా చెప్తే ఎవరికి నచ్చుతుంది? ఇరవై తట్టలంటే నడుం విరుగుతుంది. రెండోవాడు రామినాయుడు, ఉన్నవాడు. గట్టు ఎక్కి ఎరగడు. గట్టుపెద్ద అనిపించుకోవాలని మాత్రం గట్టి కోరిక.

రామినాయుడు గైరయ్యని పిలిచేడు. ఒరే గైరా, నా మాట చాటాల్రా అన్నాడంట. దానికేం బాబూ, చెప్పండి, మూడు వీధుల కూడలిలో చాటేస్తాను అన్నాడు వీడు. "కూడలిలో వద్దురా. నీ గొంతెందుకు అరగదియ్యడం? డప్పు చంకలో ఉంటే చాలు, కొట్టకు. గుమ్మం గుమ్మానికీ వెళ్ళి నెమ్మదిగా చెప్పు. ఏ గుమ్మంలో ఏం చెప్పాలో నేను చెప్తాను." గైరయ్య బుర్ర గోక్కున్నాడు. బాబూ, ఒకే మాట కదా, గుమ్మానికో తీరు ఎందుకు అన్నాడు. "పిచ్చోడా, అందరికీ ఒకే కూర నచ్చుతుందేట్రా?" అని, ఏడాదంతా తిన్నా తరగనన్ని చోళ్ళు, అదే రాగులు, ఇస్తానన్నాడు. ఆ ఏడు గైరయ్య ఇంట్లో గంజి పలచబడిపోయింది. అది నేను కాదనను. ఆకలి అబద్ధం కాదు. అయినా ఆకలి ఉన్నవాడి తప్పు తప్పు కాకుండా పోదు.

ఇంటికొచ్చి నూకాలికి చెప్పేడు. ఆవిడ మంట వెయ్యలేదు, డప్పు ముట్టుకోలేదు. "కూడలిలో అరిచి చెప్పగలిగే మాటైతే చెప్పు మావా. అరవడానికి సిగ్గేసే మాటైతే మొయ్యకు" అంది. ఇతనేమన్నాడో తెలుసా? "మాట నాయుడిది, నోరే నాది. నేను మోసేవాణ్ణే. కావిడివాడు కుండలో ఏముందో చూస్తాడా?" అన్నాడు. ఆవిడ, "వాసన వస్తే దించుతాడు" అంది. మర్నాటి నుంచి గైరయ్య కాచని డప్పు చంకన పెట్టుకుని గుమ్మాలు ఎక్కడం మొదలెట్టేడు.

సాలీల గుమ్మంలో ఏమన్నాడు? బోడెన్న గెలిస్తే మీ మగ్గాల కింద గుంటలున్నాయే, అవి ఇంకా లోతుగా తవ్వి ఆ మట్టి గట్టుకి మోయిస్తాడంట. నాయుడు గెలిస్తే మీ వీధి ఒక్క తట్ట కూడా మొయ్యక్కర్లేదంట. పడవలవాళ్ళ గుమ్మంలో? బోడెన్న గట్టు ఎత్తు చేసి మీ పడవలు దింపే దారి మూసేస్తాడంట, నాయుడైతే గట్టు అక్కడ తవ్వించి దారి చేస్తాడంట. రైతుల గుమ్మంలో? బోడెన్న మీ పొలాల్లో మట్టి తవ్వుతాడంట, నాయుడు గట్టు రెండు మూరలు లేపుతాడంట. చూసేరా? ఒకచోట తవ్వుతాడు, ఒకచోట లేపుతాడు. అదే గట్టు. కూడలిలో నిలబడి చెప్తే ముసలమ్మలు వాణ్ణి నవ్వి చంపేసేవారు. గుమ్మంలో చెప్తే ఎవరు పట్టుకుంటారు? పైగా ప్రతి ఇంటివాడూ మీసం దువ్వుకున్నాడంట, నాయుడు నన్ను గుర్తుపెట్టుకుని నా గుమ్మానికే పంపేడు అని. ఏరా పైడిరాజూ, ఎందుకు నవ్వుతావు? నీ జేబులో ఫోను అదే పని చేస్తోంది. ఓట్ల ముందు నీకొచ్చిన ప్రచారం నీ పెళ్ళాం ఫోనులో వచ్చిందా? ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకో, నవ్వుదువు గాని.

బోడెన్న చెవిన పడింది. సాలీల పెద్ద సత్యమయ్య చెప్పేడు. ఆ సత్యమయ్యకి ఒక పడవలవాడితో సావాసం ఉండబట్టి ఇద్దరి మాటలూ కలిపి చూసుకున్నారు. బోడెన్న గైరయ్య దగ్గరికొచ్చి, "బావా, నీ డప్పు చంకన ఉంటే నువ్వేం చెప్పినా జనం నమ్ముతారు. నేను అనని మాట నా పేరు మీద ఎందుకు మోస్తున్నావు?" అన్నాడు. గైరయ్య, "నీ మాట కూడా మోస్తానురా, నాయుడు ఇచ్చినట్టు నువ్వూ ఇయ్యి" అన్నాడంట. బోడెన్న తన చేతులు చూసుకున్నాడు, మట్టి తప్ప ఏమీ లేదు. లేచి వెళ్ళిపోయేడు.

అప్పుడు సత్యమయ్య ఊరిని కూడేసి, ఇకమీద డప్పువాడు పెద్దరికం మాట మొయ్యకూడదు అని కట్టుబాటు చెయ్యండి అన్నాడు. ఆవు తప్పిపోతే చాటమనండి, వరద వస్తే చాటమనండి. పిక్కలు వేయించుకునే మాటలు ఎవరివి వాళ్ళే వచ్చి, కూడలిలో నిలబడి, ఎదుటివాడి ముందే చెప్పుకోవాల అన్నాడు. న్యాయమే కదా? రామినాయుడు లేచేడు. ఎంత తియ్యగా మాట్లాడేడనుకున్నారు! "అయ్యా, నోరు కట్టేస్తారా? నన్నంటే ఊరంతా ఎరుగుదురు, నాకు డప్పు లేకపోయినా నష్టం లేదు. బోడెన్నలాంటి లేనివాడి సంగతేటి? వాడి మాట మోసేదెవరు?" అన్నాడు. జనం ఆలోచనలో పడ్డారు. అందులో కొంత నిజం ఉందమ్మా. నేను అబద్ధం చెప్పను, ఉంది. కొంచెం నిజం కలపని అబద్ధం ఎక్కడైనా చెల్లుతుందా? బోడెన్న వెనకాల నుంచి, "నా మాట ఎవరూ మొయ్యక్కర్లేదు బాబూ, నా మీద చెప్పిన మాట నా ఎదురుగా చెప్పించండి చాలు" అన్నాడు. ఎవరు విన్నారు? పిక్కలు వేసేక ఆలోచిద్దాం అని లేచిపోయేరు. మంచి పని ఎప్పుడూ తర్వాతకే. కట్టుబాటు చెయ్యవలసిన రోజు అదీ. ఆ రోజు పోయింది.

రామినాయుడు గెలిచేడు. గెలిచి ఏం చేసేడు? ఏమీ చెయ్యలేదు. ఎలా చేస్తాడు? రైతుల కోసం లేపితే పడవలవాళ్ళు పట్టుకుంటారు, పడవలవాళ్ళ కోసం తవ్వితే రైతులు పట్టుకుంటారు. గట్టు అలాగే ఉండిపోయింది. జనం మాత్రం మారిపోయేరు. సాలెవాడికిచ్చిన మాట పడవలవాడికి, పడవలవాడికిచ్చింది రైతుకి మెల్లగా తెలిసింది. తెలిసేక ఏటైంది? నాయుణ్ణి తిట్టేరు, గైరయ్యని తిట్టేరు, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నారు. మీకు అలా చెప్తే మాకెందుకు చెప్పలేదు అని ఒక వీధివాళ్ళు ఇంకో వీధివాళ్ళతో మాటలు మానేసేరు.

వానాకాలం వచ్చింది. తొమ్మిది రోజుల ముసురు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం బోడెన్న ఒళ్ళంతా బురదతో గైరయ్య ఇంటికి పరిగెత్తుకొచ్చేడు. "బావా, తూము పక్కన గట్టుకి కన్నం పడి నీరు ఊరుతోంది. యాభై తట్టల మట్టి పడితే ఆగుతుంది. నలభై మంది కావాల, వెంటనే కావాల. కొట్టు బావా!" అన్నాడు. నూకాలు ఆర్నెల్లుగా ముట్టని డప్పు తీసింది, పొయ్యి మంట మీద కాచింది, వేలితో మీటింది. మొగుడి చేతిలో పెట్టి, "మోగుతుంది మావా. నువ్వు కొట్టు, జనం వస్తారు. ఈలోగా నేను తట్ట పట్టుకెళ్తాను" అని బోడెన్న వెనకాల గట్టుకి పోయింది.

గైరయ్య కూడలిలో నిలబడి కొట్టేడు. మూడు దెబ్బలు. "మూడు వీధుల జనమా, వినండహో! గట్టు ఊరుతోందహో! తట్టలతో రండహో!" మళ్ళీ మూడు దెబ్బలు, అదే మాట. మళ్ళీ మూడు, అదే మాట. ఒక్క ముక్క మారలేదు. ఒక్క తలుపు తెరుచుకోలేదు. లోపల ఏమనుకున్నారో తెలుసా? రైతులేమో, ఇది పడవలవాళ్ళకి చెప్తున్నాడు అనుకున్నారు. పడవలవాళ్ళేమో, సాలీలకి చెప్తున్నాడులే అనుకున్నారు. మనకి చెప్పవలసినదైతే మన గుమ్మానికొచ్చి చెప్తాడు కదా అనుకున్నారు. అలవాటు అదే కదా మరి, వాడే చేసేడు ఆ అలవాటు.

అప్పుడు గుమ్మాలు పట్టుకున్నాడు. మొదటి గుమ్మం తలుపు బాదితే రైతు తీసి, "ఎవరు పంపేరు నిన్ను? నాయుడా, బోడెన్నా?" అన్నాడు. ఎవరూ పంపలేదు బాబూ, నీరు పంపింది అన్నాడు వీడు. "పక్కింట్లో ఏం చెప్పేవు?" అన్నాడు ఆయన. ఇదే మాట బాబూ అంటే, "అప్పుడూ అదే అన్నావు" అని తలుపేసేడు. రెండో గుమ్మంలో ఇల్లాలు, "దీనికి ఎన్ని చోళ్ళు ముట్టేయి గైరయ్యా?" అంది. సాలీల వీధిలో సత్యమయ్య ఒక్కడు తట్ట తీసుకుని వచ్చేడు, డెబ్భై ఏళ్ళవాడు. ఇంకో ఇంట్లో, "రేపు చూద్దాంలే గైరయ్యా, తడిసిపోతావు" అన్నారు. ఏడు గుమ్మాలు తిరిగేడు. ఏడో గుమ్మంలో ఉండగా తూము వైపు నుంచి చప్పుడు వినిపించింది. డప్పు చప్పుడు కాదది. ఆ చప్పుడుకి మాత్రం అందరూ తలుపులు తీసేరు.

సాలీల వీధి మగ్గాలన్నీ పోయేయి, పొలాలు ఇసక మేట వేసేయి, పడవలు చెట్లలో తేలేయి. బోడెన్న శవం రెండు రోజులకి దొరికింది. నూకాలు దొరకలేదు. ఆవిడ తట్ట ఒక్కటి దొరికిందంట, అడుగున మట్టి అంటుకునే ఉందంట.

నీరు తీసేక ఊరు మళ్ళీ కూడింది. డప్పువాడు పెద్దరికం మాట మొయ్యకూడదు అని కట్టుబాటు చేసేరు. అందరూ ఒప్పుకున్నారు, రామినాయుడు కూడా ఒప్పుకున్నాడు, అందరికంటే ముందు ఆయనే తల ఊపేడంట. ఆ కట్టుబాటుని ఊరికి చాటమని గైరయ్యకే చెప్పేరు. వాడు కూడలిలో నిలబడి మూడుసార్లు కొట్టి, మూడుసార్లు చెప్పేడు. గుమ్మాల్లోకి ఎవరూ రాలేదు.

అదీ కథ. నన్ను మొన్న ఒక చదువుకున్న కుర్రాడు అడిగేడు, ఫోను కంపెనీలవాళ్ళు పార్టీల ప్రచారం మొయ్యడం మానెయ్యాలా వద్దా, నువ్వేమంటావు అని. మానెయ్యాలంటాను. మేం మోసేవాళ్ళమే, కుండలో ఏముందో మాకేం తెలుసు అంటారంట వాళ్ళూనూ. వాసన వస్తే దించమన్న ఆడది ఏట్లో పోయింది, నేనేం చెప్పను? మానేస్తే అంతా బాగుపడుతుందా అంటే, ఆ మాట నేను అనను. పగిలిపోయిన నమ్మకానికి మట్టి ఎక్కడ తవ్వుతాం? మొన్న తుఫాను వస్తోంది, లోతట్టు ఇళ్ళు ఖాళీ చెయ్యండి అని ఫోనుల్లో వచ్చింది. మన వీధిలో ఏమన్నారో మీరూ విన్నారు. "ఇది ఏ పార్టీవాళ్ళు పెట్టేరో" అన్నారు.

లెండి, చినుకులు పడుతున్నాయి. ఇళ్ళకి వెళ్ళేముందు కాలవగట్టు ఒకసారి చూసి వెళ్ళండి. ఎవరు చెప్పేరని మాత్రం అడక్కండి.